రిమ్ము చిన్నదైతేనేం, మనసు పెద్దది

బెంగళూరులో ఆటోవాళ్ళకి యూనియన్ ఉంది. అపార్ట్‌మెంటులో కుక్కలు పెంచేవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు, వాళ్ళని తిట్టుకునేవాళ్ళకి ఇంకో గ్రూపు ఉన్నాయి. స్పోర్ట్స్ కారు కొనుక్కుని, కంపెనీ ఇచ్చిన రిమ్ము మీదే వెడల్పు టైరు ఎక్కించుకుని తిరిగే అభాగ్యుల తరఫున మాట్లాడే నాథుడు మాత్రం లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

వీళ్ళ మీద ఉన్న ప్రధాన అభియోగం, రిమ్ము వెడల్పు చూసుకోరని. రిమ్ము మీద 8జె అని ఉంటే టైరు కూర్చునే చోటు 8 అంగుళాల వెడల్పని అర్థం. దాని మీద కంపెనీవాళ్ళు 225/40 ఆర్18 వేసి పంపుతారు: 225 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 40 శాతం గోడ ఎత్తు (ఇలా గోడ పొట్టిగా ఉంటే లో ప్రొఫైల్ అంటారు), 18 అంగుళాల రిమ్ము. మనవాడికి 255 కావాలి. 255/35 ఆర్18 అయితే కనీసం 8.5 అంగుళాల రిమ్ము ఉండాలని, 255 అన్న వెడల్పు కొలిచింది 9 అంగుళాల రిమ్ము మీదని టైరు కంపెనీల పట్టికలు చెబుతాయి. పట్టికలంట! కారు డెలివరీకి రాహుకాలం నిమిషాలతో సహా చూసుకుంటాం గానీ, టైరు కొనడానికి కూడా పట్టికలు చూస్తూ కూర్చుంటే ఇక జీవితంలో ఉత్సాహం ఏముంటుంది?

మారతహళ్ళిలో ఉండే మా బావనే తీసుకోండి. రెండు డోర్ల జర్మన్ కారు, సెకండ్ హ్యాండు, ఈఎంఐ మాత్రం ఫస్ట్ హ్యాండు. వెనక నుంచి చూస్తే టైర్లు సన్నగా కనిపిస్తున్నాయని అతని బాధ. ఇక్కడ ఒక విషయం గమనించాలి, డ్రైవింగ్ సీట్లో కూర్చున్నవాడికి వెనక టైర్లు కనిపించవు. అంటే ఇది పూర్తిగా పరోపకారం, వెనక వచ్చే స్విగ్గీ కుర్రాడి కళ్ళ కోసం మా బావ నాలుగు టైర్ల ఖర్చు భరిస్తున్నాడన్నమాట. జేసీ రోడ్డు సందులో ఒక షాపులో "రిమ్ము 8 అంగుళాలే కదా, సరిపోతుందా?" అని నేనే అడిగాను. షాపాయన రిమ్ము వంక చూడలేదు, బావ మొహం వంక చూశాడు. "కూర్చుంటుంది సార్, అంతా ఇదే వేయించుకుంటున్నారు" అన్నాడు. కూర్చుంది కూడా. గాలి కొడితే ఏ టైరైనా ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది.

ఎలా కూర్చుందంటే, పెళ్ళిలో తమ్ముడి షేర్వాణీ వేసుకున్న పెదనాన్నలా. అడుగున బిగుతు, మధ్యలో ఉబ్బు. రిమ్ము అరంగుళం తగ్గితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది కాబట్టి, ఆ 9 అంగుళాల కొలత రిమ్ముకంటే అంగుళం ఇరుకైన మా బావ రిమ్ము మీద 10 మిల్లీమీటర్లు మాయం. 30 మిల్లీమీటర్లకి బిల్లు కట్టి 20 ఇంటికి తెచ్చుకున్నాం. బంగారం షాపులో తరుగు తీస్తే కౌంటరు మీద చేయి బాదే మనిషి, ఇక్కడ మాట్లాడకుండా కార్డు గీకాడు. పైగా గోడలు లోపలికి వంగి ఉండటంతో స్టీరింగ్ తిప్పాక ముందు గోడ కదులుతుంది, తర్వాత కారు కదులుతుంది. ట్రెడ్డు, అంటే రోడ్డుని తాకే భాగం, మధ్యలో ఉబ్బి అక్కడే ముందు అరుగుతుంది. అంటే వెడల్పు కొన్నది రోడ్డుని ఎక్కువ పట్టుకోవడానికి, అరిగేదేమో మధ్యలో సన్నటి పట్టీ.

అసలు ఎక్కువ పట్టు అవసరమా అని అడిగే దుర్మార్గులు కూడా ఉన్నారు. వాళ్ళ వాదన ఏంటంటే, కారు బరువు మారలేదు, టైరులో గాలి మారలేదు, కాబట్టి రోడ్డుని తాకే చోటు విస్తీర్ణం పెద్దగా పెరగదు, పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుందంతే. మలుపుల్లో దానివల్ల కొంత లాభం నిజంగానే ఉంది, నేను కాదనను. కానీ ఏ మలుపు? ట్రాఫిక్ లెక్కలు కట్టే టామ్‌టామ్ సంస్థ ప్రకారం 2024లో ఈ ఊళ్ళో 10 కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున సుమారు 34 నిమిషాలు పట్టింది. గంటకి 20 కిలోమీటర్లు కూడా దాటని వేగంతో సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర యూటర్న్ తీసుకోవడానికి 255 ఎందుకంటే, పడితే పట్టు తప్పకూడదు, అది మన సంస్కారం.

2012లో టయోటా జీటీ86 అనే స్పోర్ట్స్ కారు తెచ్చినప్పుడు దానికి 215 వెడల్పు టైర్లు వేసింది, అదీ ప్రియస్ హైబ్రిడ్‌కి వాడే మిషెలిన్ ప్రైమసీ. సన్న టైరైతే తక్కువ వేగంలోనే కారు తోక ఊపుతుంది, నడిపేవాడికి సరదా అని వాళ్ళ ఆలోచన. జపాన్ వాళ్ళకి చుట్టాలు తక్కువనుకుంటా, కారు చూసి "టైర్లేంటి సైకిల్‌వి వేశావు?" అనేవాడు ఉండడు.

వానాకాలం సంగతి వేరు. వెడల్పు టైరు నీళ్ళని చీల్చుకుని వెళ్ళడానికి కష్టపడుతుంది, సన్న టైరుకంటే ముందే నీళ్ళ మీద తేలుతుంది. మామూలు రోజుల్లో అవుటర్ రింగ్ రోడ్డు మీద బస్సులు చేసిన గాడి ఎటుంటే కారు అటు పోతుంది, స్టీరింగ్ పట్టుకున్నవాడు ప్రయాణికుడే. గుంతలో పడితే చక్రం పైన ఉండే ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి టైరు రాసుకుని ఒక శబ్దం వస్తుంది. మా అక్క దాన్ని "ఏదో అరుస్తోంది" అంటుంది, బావ "స్పోర్టీగా ఉంది" అంటాడు. సంసారం అలా సాగుతోంది.



నిజంగా వేగం కోసం టైర్లు మార్చేవాళ్ళు కూడా ఈ ఊళ్ళో ఉన్నారు, వాళ్ళతో మా సంఘానికి సంబంధం లేదు. వాళ్ళు తెల్లవారుజామునే బయల్దేరి శ్రీపెరుంబుదూరు దగ్గర మద్రాస్ సర్క్యూట్‌కి వెళ్తారు. 255 కావాలంటే ముందు 9 అంగుళాల రిమ్ము, దానికి తగ్గ ఆఫ్‌సెట్టు (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి ఉండాలన్న లెక్క) చూసుకుంటారు, లేదంటే 225లోనే మెత్తటి రబ్బరున్న మంచి టైరు వేసుకుంటారు. బావ పెట్టిన డబ్బుకి అలాంటి సెట్టు వచ్చేది. కానీ 225కి 225 వేస్తే ఎవరికి తెలుస్తుంది? ఫోటో పెట్టినా లైకు రాదు.

చట్టం కూడా మా మీద కక్ష కట్టింది. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట వంగి చూసేది టైరు గోడ మీది అంకెలనే.

అందుకని బావకి నేనొక మార్గం చూపించాను. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు మునిగినప్పుడు కార్లన్నీ నీళ్ళలో ఉండిపోతే సాఫ్ట్‌వేర్ జనం ఆఫీసులకి వెళ్ళింది ట్రాక్టర్లెక్కి. ట్రాక్టరు వెనక టైరు 13.6-28, అంటే దగ్గర దగ్గర 345 మిల్లీమీటర్లు. అదీ ఫ్యాక్టరీ నుంచే, సరైన రిమ్ము మీద, ఆర్టీఓ గొడవ లేకుండా. సీటు ఒక్కటే, టాపు లేదు, ఇంజిన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకి. స్పోర్ట్స్ కారుకి ఇంకేం లక్షణాలు కావాలి?

బావ చాలాసేపు ఆలోచించాడు.

"లో ప్రొఫైల్‌లో దొరుకుతుందా?" అన్నాడు.