పెరటాసి నడకకు దారి కావాలి

సెప్టెంబరు నడుమ మొదలయ్యే తమిళ నెల పెరటాసి వచ్చిందంటే చెన్నైలో తెలుగు ఇళ్లకు పంచాంగం మారుతుంది. ఉగాదికీ వరలక్ష్మీ వ్రతానికీ చాంద్రమానం చూసుకునే ఇల్లాలే ఈ ఒక్క నెలకు తమిళ క్యాలెండర్ ముందు నిలబడి శనివారాలు లెక్కపెడుతుంది. నెలంతా ఇంట్లోకి కోడి, చేప రావు. పిల్లలకు నామం పెట్టి, ఇత్తడి చెంబుకూ నామం దిద్ది, తులసి చుట్టి వీధిలోకి పంపుతారు. వాకిట్లో నిలబడి ‘గోవిందా’ అంటే ఆ ఇంటావిడ దోసెడు బియ్యం చెంబులో పోస్తుంది. ఆ బియ్యంతోనే శనివారం తళిగ, అంటే స్వామికి నైవేద్యం. అరిటాకు మీద పులిహోర, చక్కెర పొంగలి, పెరుగన్నం, వడలు. పక్కన బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసిన పిండిదీపం. ఆ వాకిలి తమిళులదా, తెలుగువాళ్లదా అన్నది పిల్లలకు పట్టదు. పోసే తల్లికీ పట్టదు.

ఈ నెలలోనే చెన్నై నుంచి భక్తులు గుంపులుగా తిరుమలకు నడిచి వెళ్తారు. వారికి క్షేమంగా నడిచే దారి కావాలన్నదే మా మాట. స్వామికి సమర్పించే గొడుగులూ ఈ నెలలోనే పట్నం నుంచి బయల్దేరతాయి. పూలబజారు దగ్గరి చెన్నకేశవ పెరుమాళ్ కోవెలలో పూజ జరిగాక తెల్లని పట్టు గొడుగులను భుజాలకెత్తుకుంటారు. సాయంత్రానికి అవి యానైకవుని దాటాలి. కవుని అంటే మన గవనే, కోట వాకిలి. ఆ దాటే ఘడియ కోసం మేడల మీద, గోడల మీద ఎక్కడ చూసినా జనమే. అక్కడి నుంచి అయనావరం, విల్లివాక్కం, అంబత్తూరు, తిరువళ్లూరు మీదుగా సాగుతాయి. దారిపొడవునా వాకిళ్లలో నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి, కర్పూరం పళ్లెంతో ఎదురుచూస్తారు. తిరుచానూరు అమ్మవారిని సేవించుకుని, గరుడసేవ నాటికి గొడుగులు కొండకు చేరతాయి.

ఆ చెన్నకేశవుని కోవెల మొదట ఇప్పటి హైకోర్టు ఉన్న చోట ఉండేది. 1757లో ఈస్టిండియా కంపెనీ దాన్ని పడగొట్టింది. తర్వాత మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో ఇప్పుడున్న చోట మళ్లీ లేచింది. తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) పుట్టింది కూడా మద్రాసు చట్టసభ చేసిన చట్టంతోనే. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి తమిళనాడుకు, సత్యవేడు ఆంధ్రకు వెళ్లాయి. అప్పుడు రెండు వైపులా ఎంత బాధపడ్డారో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అయినా కొండకు నడిచేవాళ్లు నడుస్తూనే ఉన్నారు. ఈ నగరానికీ ఆ కొండకూ ఉన్న బంధం పాతదే కాదు, ఇంకా పెరుగుతున్నది. టీ నగర్ జీఎన్ చెట్టి రోడ్డులో నటి కాంచన ఇచ్చిన స్థలంలో టీటీడీ కట్టిన పద్మావతి అమ్మవారి ఆలయంలో 2023లో కుంభాభిషేకం జరిగింది.

గొడుగుల వెంట పోలీసులు ఉంటారు, ట్రాఫిక్ ఆపుతారు. మా బాధంతా ఆ ఊరేగింపుతో సంబంధం లేకుండా, వీధికో గుంపుగా బయల్దేరే పాదచారుల గురించే. పసుపు బట్టలు, మెడలో తులసిమాల, నెత్తిన చిన్న మూట. చాలామందికి కాళ్లకు చెప్పులుండవు. తిరుపతికి 130 కిలోమీటర్లకు పైనే. పగలు తారు కాలుతుంది కాబట్టి రాత్రి నడుస్తారు. రాత్రి ఆ రోడ్డు మీద లారీలదే రాజ్యం. తిరువళ్లూరు దాటాక రోడ్డు పక్క మట్టిదారి కొన్నిచోట్ల రెండడుగులైనా ఉండదు, కంకర తేలి ఉంటుంది. అరికాలి బొబ్బల మీద పసుపు రాసి గుడ్డ చుట్టుకున్న మనిషి ఆ కంకర మీద ఎంతసేపు నడవగలడు? తెల్లగీత దాటి తారు మీదికి వస్తాడు. వెనక నుంచి వచ్చే డ్రైవర్‌కు అతను కనిపించేది ఆఖరి క్షణంలోనే.

ఆడవాళ్ల అవస్థ వేరు. మరుగుదొడ్డి దొరకదన్న భయంతో నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. ఎండలో, నడకలో నీళ్లు తాగకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పనక్కర్లేదు. అన్నానికి మాత్రం లోటు లేదు. నగర శివార్లలో ఒక పందిరి దాటేలోపే ఇంకో పందిరి, మళ్లీ పులిహోర పొట్లం. ఆ దాతల్లో మన తెలుగు సంఘాలవాళ్లు, వ్యాపారులు ఎందరో ఉన్నారు. వారికి చేతులెత్తి నమస్కరిస్తూనే ఒక్క మాట అడుగుతున్నాం. ఈసారి పందిళ్లలో ఒకటి తగ్గించి, ఆ డబ్బుతో మొబైల్ టాయిలెట్లు అద్దెకు తెచ్చి దారిలో నిలపండి. అది కూడా స్వామి సేవే.

ప్రభుత్వాలకు ఇది తెలియని పని కాదు. మురుగన్ పండుగ తైపూసానికి పళని కొండకు నడిచివెళ్లే భక్తుల కోసం దిండిగల్ వైపు రోడ్డు పక్కన విడిగా నడకదారి వేసింది తమిళనాడే. చీకట్లో మెరిసే స్టిక్కర్లు, కర్రలు అక్కడ పోలీసులే పంచుతారు. పళని భక్తుడికి చేసినది తిరుమల భక్తుడికి ఎందుకు చేయకూడదు? తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా అటువంటి దారి కావాలి. సరిహద్దు దాటాక నగరి, పుత్తూరు మీదుగా ఆ బాధ్యత ఆంధ్రప్రదేశ్‌ది. రాత్రి తల దాచుకోవడానికి కల్యాణ మండపాలు తెరవాలి, కాళ్లకు కట్టు కట్టే మనిషి ఉండాలి, బోర్డులు తమిళంలోనూ తెలుగులోనూ పెట్టాలి.

టీటీడీని అడగాల్సిందీ ఒకటుంది. నాలుగైదు రోజులు నడిచి అలిపిరి చేరినవాడు దర్శనం టోకెన్ కోసం మళ్లీ గంటల తరబడి క్యూలో నిలబడుతున్నాడు. 2025 జనవరి 8న తిరుపతిలో టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అలసిన మనుషులను ఒకే చోట పోగుచేస్తే ఏం జరుగుతుందో ఆ రాత్రి చూశాం. నడిచే గుంపుల పేర్లు టీ నగర్ వెంకటనారాయణ రోడ్డులోని టీటీడీ సమాచార కేంద్రంలో ముందే నమోదు చేసుకుని, టోకెన్లు పుత్తూరు దగ్గరే ఇస్తే ఆ రద్దీ సగం అలిపిరి దాకా రాదు.

పెరటాసి మొదలయ్యాక మీటింగులు పెడితే ఫోటోలు తప్ప పనులు జరగవు. రెండు నెలల ముందు వచ్చే ఆడి నెలలోనే రెండు వైపుల కలెక్టర్లు, పోలీసులు, టీటీడీ అధికారులు కూర్చోవాలి. కూర్చునే ముందు ఒక రాత్రి తిరుత్తణి నుంచి నగరి వరకు ఆ రోడ్డు మీద నడిచి రావాలని కోరుతున్నాం.