రాత్రికి రాత్రే పుట్టిన తార కాదు సదర్లాండ్

1959 ఫిబ్రవరి 17న లండన్ కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్‌లో డొనిజెట్టి ఒపేరా ‘లూచియా డి లామ్మర్‌మూర్’ ముగిసేసరికి, అందులో నాయిక లూచియాగా పాడిన జోన్ సదర్లాండ్ ప్రపంచ ప్రసిద్ధురాలైపోయారు. ఒక్క రాత్రిలో వెలిసిన తార అని ఒపేరా అభిమానులు ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అప్పటికి ఆమె అదే రంగస్థలం మీద ఏడో సీజన్‌లో ఉన్నారు.

సిడ్నీ నుంచి 1951లో లండన్ వచ్చిన ఆమెకు మొదటి ఆడిషన్‌లోనే తలుపులు తెరుచుకోలేదు. 1952 అక్టోబరులో మోత్సార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’లో రాణి వెంట ఉండే ముగ్గురు పరిచారికల్లో ఒకరుగా అడుగుపెట్టారు. నెల తిరగకుండానే ‘నార్మా’లో చెలికత్తె క్లొటిల్డె. ఆ నార్మాగా పాడింది సాక్షాత్తూ ఒపేరా మహాతార మారియా కలాస్! తర్వాత ‘ఐదా’లో పూజారిణి, ‘కార్మెన్’లో ఫ్రాస్కిటా, ‘జీగ్‌ఫ్రీడ్’లో ప్రేక్షకులకు కనిపించని అడవి పక్షి. మధ్యమధ్యలో పెద్ద పాత్రలూ దక్కాయి. కానీ రోజువారీ బతుకు మాత్రం ఇదే.

ఈ ఏడేళ్లను చాలామంది నిరీక్షణ అంటారు. నా దృష్టిలో అసలు శిక్షణ ఇదే. లూచియాకు మతి చలించిన ఘట్టాన్నే తీసుకోండి. గొంతు, వేణువు ఒకదాన్ని ఒకటి వెంటాడుతూ పైపైకి పోతాయి. చివర సోప్రానోలు (అన్నిటికన్నా పై స్థాయిలో పాడే గాయనులు) అందుకునే ఇ-ఫ్లాట్ అనే ఆ పై స్వరం దగ్గర స్వరతంత్రులు సెకనుకు దాదాపు 1,240 సార్లు కలిసి విడిపోతాయి. మైకు లేదు. కింద ఆర్కెస్ట్రా, ఎదురుగా రెండు వేలకు పైగా సీట్లు. బలం పెట్టి అరిస్తే గొంతు పోతుందే గాని చివరి వరుసకు చేరదు. స్వరం పెరిగే కొద్దీ దవడ, నాలుక, పెదవులు కదిలించి నోటి లోపలి ఖాళీని దానికి తగ్గట్టు మలుచుకోవాలి. గురువు గదిలో పియానో పక్కన ఇది సగమే వస్తుంది. మిగతా సగం నిజమైన హాలులో, తడబడినా నాటకం మునిగిపోని పాత్రల్లో వస్తుంది.

ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం. సదర్లాండ్ మొదట తనను వాగ్నర్ బరువైన జర్మన్ ఒపేరాల గాయనిగా ఊహించుకున్నారు. అంతటి పెద్ద గొంతు మరి. కాదు, నీ దారి ఇటాలియన్ స్వరకర్తలు బెల్లీని, డొనిజెట్టిల వేగపు సంగతులది అని పట్టుబట్టి మళ్లించినవారు భర్త రిచర్డ్ బానింగ్. ఆ మళ్లింపుకు ఏళ్లు పట్టింది. ఇరవై ఆరేళ్లకే వాగ్నర్ నాయిక బ్రున్‌హిల్డెగా పోస్టర్ ఎక్కించి ఉంటే, తాను వేరే దారి గాయనినని తెలుసుకునే తీరిక ఆమెకు ఎక్కడ దొరికేది?

కలాస్‌ను చూడండి. 1949 జనవరిలో, ఇరవై ఐదేళ్ల వయసులో, వెనిస్‌లో బ్రున్‌హిల్డె పాడుతుండగా వేరొక గాయని జబ్బు పడితే అదే వారం బెల్లీని ‘ఇ ప్యూరిటాని’లో ఎల్వీరాగానూ పాడించారు. పాడించిన కండక్టర్ తుల్లియో సెరఫిన్. పదేళ్ల తర్వాత సదర్లాండ్ లూచియాకు కండక్టరూ ఆయనే! కలాస్ 1965లో, నలభై ఒకటో ఏట ఒపేరా వేదిక దిగిపోయారు. సదర్లాండ్ 1990 దాకా పాడారు.

కలాస్ గొంతు అలసిపోవడానికి వేరే కారణాలు చెప్పేవారున్నారు. ఆమె పదేళ్లు ఇతరుల ముప్పై ఏళ్లతో సమానమనేవారూ ఉన్నారు. నటనలో సదర్లాండ్ ఆమెకు సాటి కాదు, పదాల ఉచ్చారణా అంతంతమాత్రమే. ఒప్పుకుంటాను. కానీ నిప్పులా వెలిగి ఆరిపోవడాన్ని ఒక వ్యవస్థ తన పద్ధతిగా పెట్టుకోకూడదు.

ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా అదే. పోటీలో బహుమతి, ఆ వెంటనే రికార్డింగ్, మూడు దేశాల్లో మూడు ప్రధాన పాత్రలు. ఒప్పందాలు ప్రదర్శన లెక్కన. గొంతు బాగాలేదని తప్పుకుంటే సాధారణంగా పారితోషికం రాదు, కాబట్టి జలుబుతోనే పాడతారు. సదర్లాండ్‌ను ఏడేళ్లు మోసింది ప్రజాధనం అందుకుంటున్న నాటకశాల. మార్కెట్ ఎవరినీ అంతకాలం మోయదు. అదే బ్రిటన్‌లో 2022 నవంబరులో కళలకు ప్రజాధనం పంచే ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ సంస్థ, లండన్‌లోని ఇంగ్లిష్ నేషనల్ ఒపేరాను తన ప్రధాన నిధుల జాబితా నుంచి తొలగించింది. జర్మనీలో మాత్రం చిన్న పట్టణాల ఒపేరాలు కూడా ఇంకా నెల జీతంపై గాయకులను పెట్టుకుంటున్నాయి. యువ సోప్రానోకు రెండేళ్ల జీతం హామీ ఇవ్వలేని థియేటరుకు ఆమె ముఖాన్ని పోస్టరు మీద అచ్చువేసే హక్కు ఎక్కడిది?