మనోజ్‌కి ఓ న్యాయం, రోహిణికి ఓ న్యాయమా?

‘గుండె నిండా గుడి గంటలు’ సీరియల్ చూసేవాళ్ల దగ్గర రోహిణి పేరెత్తితే చాలు, మాట ఆమె బండారం బయటపడటం మీదికే పోతుంది. కారు డ్రైవరు బాలుది నోరు దురుసైనా మనసు మంచిది, అతని భార్య మీనాది ఓర్పు, తల్లి ప్రభావతికి డబ్బు పిచ్చి, పెద్ద కోడలు రోహిణి మోసగత్తె. సీరియల్ ఈ పంపకాన్ని మన చేతికిచ్చింది, మనమూ మారు మాట్లాడకుండా పుచ్చుకున్నాం. నేను ఒప్పుకోను. ఆ ఇంట్లో నిండు మనిషిగా రాసిన పాత్ర రోహిణిదే. ఆమెను విలన్ల గాటన కట్టేసి సీరియల్ తన అసలు కథను చేజార్చుకుంది.

రోహిణి చేసిన తప్పులు అందరికీ కంఠతా వచ్చు. మొదటి పెళ్లి దాచింది, కొడుకును దాచింది, మలేషియాలో ఆస్తిపరుడైన తండ్రి ఉన్నాడని చెప్పి కోడలిగా అడుగుపెట్టింది. మరి ఆమె భర్త, బాలు అన్న మనోజ్ సంగతేంటి? మీనాతో తనకు పెళ్లి నిశ్చయమయ్యాక తండ్రి సత్యం డబ్బు పట్టుకుని ఉడాయించాడు. వరుడు లేక ఆ పెళ్లిలో బాలు తాళి కట్టాల్సి వచ్చింది. కథ మొదలైందే ఆ దొంగతనంతో. అయినా తిరిగొచ్చిన కొడుకును చదువుకున్నవాడని ప్రభావతి నెత్తిన పెట్టుకుంది. ప్రేక్షకులు కూడా అమ్మచాటు బిడ్డ అని నవ్వుకుని వదిలేశారు. ఒకే గదిలో ఉండే భార్యాభర్తల్లో ఒకరి తప్పు కామెడీ ట్రాక్ అయింది, ఇంకొకరిది క్రైమ్ ట్రాక్ అయింది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే డైలీ సీరియల్ తయారీని చూడాలి. అరగంట స్లాటులో యాడ్లు పోను మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు ఎపిసోడ్లంటే వారానికి రెండు గంటల కథ, ఏడాదికి 300కు పైగా ఎపిసోడ్లు. వారం వారం ఒక సినిమా నిడివి రాసి, తీసి, డబ్బింగ్ చెప్పించి పంపాలి. ఇంత నిడివిని చవగ్గా నింపగలిగేది రహస్యమే. దానికి కొత్త సెట్టు అక్కర్లేదు, కొత్త ఆర్టిస్టూ అక్కర్లేదు. ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న పట్టిక ఒకటి ఉంటే హాల్లో, వంటింట్లో, మెట్ల మీద నెలల తరబడి సీన్లు పుట్టుకొస్తాయి. ముందు ఒకరు తలుపు చాటున సగం మాట వింటారు. చెప్పబోయే వేళకు ఫోన్ మోగుతుంది, లేకపోతే ఎవరో కళ్లు తిరిగి పడిపోతారు. నిజం తెలిసినవాడు డబ్బు కోసం బెదిరింపులకు దిగుతాడు. చేతికందిన ఆధారం మాయమవుతుంది. ఇక దారి లేదనుకున్నప్పుడు, విషయం తెలిసిన మంచి మనిషి చేత ఒట్టు వేయించుకుంటారు. ఒక్కో మెట్టుకు వారమో పది రోజులో పడుతుంది. ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో చెప్పే, గురువారం వచ్చే బార్క్ రేటింగులో అంకె పెరిగితే అదే మెట్టు మీద ఇంకో వారం కూర్చోబెడతారు.

దీనివల్ల కథ నత్తనడక నడుస్తోందని అందరూ విసుక్కుంటారు. నన్నడిగితే వేగం చిన్న సమస్య. అంతకంటే పెద్ద నష్టం మంచి పాత్రల బుర్రకు జరుగుతుంది. ‘కార్తీక దీపం’ సీరియల్‌లో కార్తీక్ గుండె డాక్టరు. పిల్లలు తన బిడ్డలా కాదా అన్న అనుమానం ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయేది. పరీక్ష జరిగితే కథ అయిపోతుంది కాబట్టి ఏళ్ల తరబడి ఆ డాక్టరును ఆ అనుమానం తేల్చుకోనివ్వలేదు. బాలుకూ ఇదే గతి పట్టింది. రోజూ కారులో రకరకాల మనుషులను ఎక్కించుకుని, ఎదుటివాడి మాట తీరును బట్టి వాడి రకం పసిగట్టే డ్రైవరు. వదిన దగ్గరికొచ్చేసరికి మాత్రం, వచ్చిన అనుమానం వచ్చినట్టే చప్పబడుతుంది. రహస్యం బతకాలంటే హీరో మొద్దుబారాలి, హీరోయిన్ ఏడ్చి ఊరుకోవాలి.

రోహిణి దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. దాచేది ఆమె కాబట్టి ప్రతి అడ్డంకినీ ఆమే కష్టపడి నిర్మించుకోవాలి, దానికి ఏదో ఒకటి చెల్లించుకోవాలి. బెదిరించేవాడికి డబ్బు కట్టాలంటే తన బ్యూటీ పార్లర్ ఆదాయంలోంచి తీయాలి. తీస్తే ఇంట్లో లెక్క చెప్పాలి. చెప్పడానికి మళ్లీ అబద్ధం కావాలి. కన్నకొడుకు ఎదురుగా ఉంటే పరాయి పిల్లాడిలా చూడాలి. వాడికి జ్వరమొస్తే పరుగెత్తడానికి కూడా ఒక సాకు వెతుక్కోవాలి. పాత్ర బలం ఇక్కడే తెలుస్తుంది: కావాల్సిన దాని కోసం ఆ మనిషి ఏం పోగొట్టుకుంటోంది, పోగొట్టుకుంటున్నానని తనకు తెలుసా? రోహిణికి తెలుసు. మీనా కూడా పూల కొట్టు, అప్పు, బాలు సంపాదన గురించి పట్టుబట్టే సీన్లలో ఇంతే బలంగా ఉంటుంది. ఆమెకూ అప్పుడు పోరాడే పని దొరుకుతుంది. అత్త తిట్లు తినే సీన్లలో అదే మీనా బొమ్మలా నిలబడుతుంది.

రోహిణి తన గుట్టు కోసం మీనా, బాలుల మీద నిందలు పడనిచ్చింది కదా అంటారు. పడనిచ్చింది, దానికి జవాబు చెప్పి తీరాలి. కానీ ఆమెను ఆ ఇంట్లో నిలదీసే ప్రశ్న అది కాదు. ఆస్తి ఏదీ, ఇంతకుముందే పెళ్లయిందా, బిడ్డ ఉన్నాడా అనే. మీనాకు జరిగిన అన్యాయం ఆ పంచాయితీలో ఆఖరి వరుసలో ఉంటుంది.

నాకు గుచ్చుకునేది సరిగ్గా ఇదే, ఇది ఒక్క సీరియల్‌తో పోయే జబ్బు కాదు. ‘కార్తీక దీపం’లో తన మీద కన్నేసిన మోనిత అబద్ధం నమ్మి భార్య దీపను ఏళ్లపాటు అవమానించిన కార్తీక్‌ను తెలుగు లోకం ‘డాక్టర్ బాబు’ అని గుండెలకు హత్తుకుంది. దీపను, కార్తీక్‌ను ప్రమాదంలో చంపేసి, పిల్లలు పెద్దవాళ్లయినట్టు లీప్ వేశారు. అది నిలబడక 2022లోనే ఇద్దరినీ బతికించి తెచ్చారు. మన సీరియల్‌లో చావును కూడా వెనక్కి తీసుకోవచ్చు. ఆడదాని మొదటి పెళ్లిని మాత్రం మాఫీ చేయలేం. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. ఒక పెళ్లి ముగిసిన స్త్రీకి ఇంకో పెళ్లి ఉండొచ్చని ఈ నేల మీద అంతటి పోరాటం చేసి గెలిచాక, ఇన్ని తరాల తర్వాత ప్రైమ్ టైమ్ మళ్లీ దాన్ని దాచాల్సిన నేరంగా చూపిస్తోంది. మనం ఆమె ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూస్తున్నాం. ఆమె ఎందుకు దాచాల్సి వచ్చిందో అడగం. నిజం చెప్పి ఉంటే ప్రభావతి ఆమెను గడప తొక్కనిచ్చేదా?

తమిళ సీరియల్ ‘సిరగడిక్క ఆసై’కి ‘గుండె నిండా గుడి గంటలు’ రీమేక్ కాబట్టి రచయితల చేతులు కట్టేసి ఉన్నాయనడం కుదరదు. తెలుగు డైలాగ్ రైటర్ చేతిలో ఎవరు ఏ మాట అడగాలన్న నిర్ణయమైనా ఉంటుంది. పాత్ర మారితే జనం చూడరన్న భయమూ అక్కర్లేదు. ‘బ్రహ్మముడి’ సీరియల్‌లో కోడలు కావ్యను గడప దాటనివ్వకూడదన్నంత కోపంగా ఉన్న అత్త అపర్ణ మెల్లగా కోడలి పక్షానికి వచ్చింది. ఆ మార్పు చూసి మురిసిపోయారే తప్ప ఎవరూ చానల్ మార్చలేదు.

నిజం బయటపడగానే చెంపదెబ్బ, మెడపట్టి గెంటడం, వర్షంలో ఏడుపు రాసేస్తే వారం గడుస్తుంది, తర్వాత మళ్లీ కొత్త రహస్యం వెతుక్కోవాలి. దానికి బదులు రెండు యాడ్ బ్రేకుల మధ్య దొరికే ఆరేడు నిమిషాలు పూర్తిగా రోహిణికిచ్చి, ఎవరూ అడ్డు తగలకుండా మాట్లాడనివ్వండి. ఆమెను నిలదీసిన సీన్లోనే, పెళ్లి డబ్బు ఎత్తుకెళ్లింది ఎవరని సత్యం చేత మనోజ్‌ను అడిగించండి. పెళ్లికొడుకు పారిపోతే ఎలా ఉంటుందో తెలిసిన మీనాను ఆ పంచాయితీలో మొదట మాట్లాడనివ్వండి. ఆ పిల్లాడు రోహిణి కొడుకుగానే ఆ ఇంట్లో పెరిగితే రోజుకో కథ దొరుకుతుంది: ఫీజు ఎవరు కడతారు, వాడు ప్రభావతిని ఏమని పిలుస్తాడు, మనోజ్ వాడిని బండి మీద ఎక్కించుకుంటాడా? బడి అప్లికేషన్‌లో తండ్రి పేరు దగ్గర ఏం రాయాలన్న ఒక్క విషయం మీద సత్యం, ప్రభావతి, మనోజ్, రోహిణి నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడగలరు. ఆ సీను రాయండి.