పదిహేనుకు పదిహేను గారికి, న్యూరో ఐసీయూ నుంచి

మహారాజశ్రీ జీసీఎస్ 15/15 గారికి,

న్యూరో ఐసీయూ నర్సింగ్ స్టాఫ్ నమస్కరించి రాయునది. గ్లాస్గో కోమా స్కేల్ (జీసీఎస్) అనే స్పృహ కొలతలో ఫుల్ మార్కులు మీరే కాబట్టి మీ క్షేమం అడగాల్సిన పనిలేదు. రాత్రి పదింటికి 15, పదకొండింటికి 15, పన్నెండింటికి 15. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే సిరా. ఒంటిగంటకి పేషెంటుని సీటీ స్కాన్‌కి దించారు, మంచం ఖాళీ. ఆ గంటకీ మీరే హాజరు. దుప్పటికి కూడా పూర్తి స్పృహ ఉందని రికార్డు చేసిన ఘనత మీకే దక్కాలి.

ఫుల్ మార్కులంటే మనవాళ్ళకి ఎంత మోజో మీకు బాగా తెలుసు. ఐసీయూ బయట "మా నాన్నకి ఎంతొచ్చింది సిస్టర్?" అని అడిగిన కొడుక్కి "పదిహేనుకి పదిహేను" అంటే ఇంటర్ రిజల్టు విన్నట్టు మొహం వెలుగుతుంది. పద్నాలుగంటే "ఒక్క మార్కేగా" అని సర్దుకుంటాడు. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో కనిపెట్టడానికే మాకు జీతమిస్తున్నారు. న్యూరోలో సీనియర్ అనిపించుకోవడమంటే, మిమ్మల్ని చూసి మురిసిపోకుండా ఉండటం నేర్చుకోవడమే.

మీ పుట్టుపూర్వోత్తరాలు ఓసారి గుర్తుచేస్తాం, కోపగించుకోకండి. 1974లో గ్లాస్గోలో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు, తలకి దెబ్బ తగిలినవాళ్ళ స్పృహని ఎవరు చూసినా ఒకేలా చెప్పగలిగే పద్ధతి కావాలని కళ్ళు (ఈ), మాట (వీ), కదలిక (ఎం) అనే మూడింటికీ విడివిడిగా మెట్లు కట్టారు. అప్పటికి మీరు లేరు. కదలికకి ఐదే మెట్లు ఉండేవి. చెయ్యి మామూలుగా ముడవడం వేరు, అసహజంగా ముడుచుకుపోవడం వేరు అని తర్వాత విడదీశాకే ఆరయ్యాయి. మూడింటినీ కూడి ఒక్క అంకెగా చెప్పే అలవాటూ తర్వాతదే. అంటే మీరు కూడిక బిడ్డ. కూడికలో ఏది ఎక్కడ పోయిందో కనబడదు. ఈ4 వీ1 ఎం4 అయినా తొమ్మిదే, ఈ2 వీ2 ఎం5 అయినా తొమ్మిదే. మొదటి మనిషి కళ్ళు తెరిచే ఉన్నాడు, నోట శబ్దం లేదు, నొప్పి పెడితే చెయ్యి లాక్కుంటాడు. రెండో మనిషి నొక్కితే తప్ప కళ్ళు తెరవడు, మూలుగుతాడు, కానీ నొప్పి ఎక్కడుందో అక్కడికి చెయ్యి తెస్తాడు. ఈ ఇద్దరికీ ఒకే అంకె.

అందుకే అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి "సార్, ఏడో బెడ్ పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నాడు" అనే సిస్టరుకీ, "సార్, పదకొండింటికి ఈ4 వీ5 ఎం6. ఇప్పుడు ఈ3 వీ4 ఎం6. కుడి చెయ్యి కిందికి జారుతోంది. ప్యూపిల్స్ (కంటిపాపలు) రెండూ 3 మిల్లీమీటర్లు, లైటుకి రియాక్ట్ అవుతున్నాయి. షుగర్ 132, బీపీ 170/90, సెడేషన్ (మత్తు మందు) ఏదీ లేదు" అనే సిస్టరుకీ మధ్య దూరం చాలా ఉంది. మొదటి ఫోనుకి జవాబు "సరే, చూస్తుండండి". రెండోది విన్న డాక్టరు చెప్పులు వెతుక్కుంటాడు.

గొంతులో గొట్టం ఉన్న మనిషి చేత కూడా మీరు ఐదు మార్కుల మాటలు పలికిస్తారే, ఆ విద్య ఎక్కడ నేర్చారు? వెంటిలేటర్ మీదున్నవాడికి మాట గడిలో అంకె వెయ్యకూడదు, 'టీ' (ట్యూబ్) అని రాయాలి. మొత్తం చెప్పాల్సి వస్తే గరిష్ఠంగా 10టీ. వాచిపోయి తెరుచుకోని కళ్ళకి 'సి' (క్లోజ్డ్). వెకురోనియం లాంటి కండరాలు సడలించే మందు పడుతున్నవాడికి ఏ అంకె వేసినా అబద్ధమే. మందు పేరు, టైము రాయాలి. ఇదంతా చదివి పాసైన వాళ్ళే హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) హడావిడిలో మిమ్మల్ని దించేస్తున్నారంటే మీ ఆకర్షణ అలాంటిది.

ఇక కదలిక. ఎం6 అంటే చెప్పినట్టు చెయ్యడం. "నా చెయ్యి పట్టుకో" అంటే పట్టుకున్నాడు, ఆరు వేసేశారు. ఆగండి. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాడు అరచేతిలో ఏది పెట్టినా పట్టుకుంటాడు, అది రిఫ్లెక్సు, దానంతటదే జరిగేది. "ఇప్పుడు వదిలెయ్" అన్నప్పుడు వదలాలి. లేదా నాలుక చాపమనాలి. చెప్పినా చెయ్యకపోతే మెల్లగా పైకి వెళ్ళాలి: మాట, గట్టి మాట, తట్టడం, ఆ తర్వాతే నొప్పి. గోరు మీద పెన్ను ఆనించి పది సెకన్ల వరకు మెల్లగా ఒత్తిడి పెంచాలి. అప్పటికీ తేలకపోతే మెడకీ భుజానికీ మధ్య ఉన్న కండని వేళ్ళతో పిండాలి, లేదా కనుబొమ్మ కింది ఎముక మీద ఉండే గాడిలో బొటనవేలితో నొక్కాలి. మొహం ఎముక విరిగి ఉంటే ఈ చివరిది ముట్టుకోకూడదు. చెయ్యి కాలర్ ఎముక దాటి పైకి వచ్చి ఆ నొప్పిని తోసెయ్యబోతే ఐదు. గబుక్కున మోచెయ్యి ముడిచి పక్కకి లాక్కుంటే నాలుగు. మెల్లగా, ముంజెయ్యి ఛాతీ మీదికి వస్తూ, బొటనవేలు పిడికిట్లో దాక్కుంటే మూడు. ఈ నాలుగుకీ మూడుకీ మధ్య తేడా కళ్ళతో చూసి నేర్చుకోవాల్సిందే, పుస్తకంలో బొమ్మ చాలదు. పిడికిలితో ఛాతీ ఎముకని రుద్దే ఆచారాన్ని మానెయ్యమని చెబుతూనే ఉన్నారు. తెల్లారేసరికి అక్కడ కమిలి నల్లబడుతుంది, ఇంటివాళ్ళకి ఎవరు జవాబు చెప్పాలి? కాలి గోరు నొక్కితే కాలు ముడుచుకుందని సంబరపడేవాళ్ళూ ఉన్నారు. ఆ ముడుపు వెన్నుపాము ఇచ్చే జవాబు. మెదడు పూర్తిగా పోయినా అది రావచ్చు.

అసలు మోసం ఇంకోటుంది, అది మీ సొంతం. కదలికలో బాగున్న చేతిదే లెక్క. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పూర్తిగా పడిపోయినవాడు కుడి చెయ్యి ఎత్తి చూపిస్తే ఎం6, మాట సరిగ్గా ఉంటే మొత్తం పదిహేను! సగం శరీరం కదలని మనిషికి ఫుల్ మార్కులిచ్చే పరీక్ష ఇంకెక్కడా ఉండదేమో. అందుకే నాలుగు అవయవాల బలాన్నీ 0 నుంచి 5 దాకా వేరుగా రాసే గళ్ళు మీ పక్కనే పెట్టారు. రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి ముందుకి చాపించి, కళ్ళు మూయించి, పది లెక్కపెట్టాలి. ఒక చెయ్యి మెల్లగా లోపలికి తిరుగుతూ కిందికి జారితే అటువైపు బలం తగ్గడం మొదలైంది. మీరింకా పదిహేను దగ్గరే ఉంటారు.

మాట దగ్గర మా తప్పులూ తక్కువేం కాదు. పేరు, ఊరు, నెల, సంవత్సరం అడుగుతాం. డెబ్బై ఏళ్ళ పెద్దామె "ఇది ఏ నెలమ్మా?" అంటే "ఆషాఢం" అంటుంది. కేరళ నుంచి వచ్చిన కొత్త సిస్టరు జులై రాలేదని వీ4 వేస్తుంది. పెద్దామెది కరెక్టే, నర్సింగ్ స్టేషన్లో వేలాడే క్యాలెండర్ చూసుకోవాలి. "ఎక్కడున్నావు?" అంటే "పట్నంల, పెద్దదవాఖానల" అనడం కూడా ఫుల్ మార్కుల జవాబే. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన గోండీ మాట్లాడే తాతని తెలుగులో ప్రశ్నించి 'కన్ఫ్యూజ్డ్' అని రాస్తే, కన్ఫ్యూజన్ మంచం పక్కన నిలబడ్డవాళ్ళది. అటు పక్క ఇంకో చిక్కు: గంటగంటకీ అవే ప్రశ్నలు వేస్తే మూడోసారికి పేషెంటుకి కంఠతా వచ్చేస్తుంది. విజిటింగ్ టైములో పక్కనున్న అల్లుడు గుసగుసగా అందిస్తాడు కూడా. ప్రశ్నలు మార్చాలి, అల్లుణ్ణి రెండు నిమిషాలు బయట నిలబెట్టాలి.

వాచీ చూపించి "ఇదేంటి?" అంటే "అదే... అది..." అని తడుముకుంటూ చికాకుపడేవాడిని మతి తప్పినవాడి కిందికి నెట్టెయ్యకూడదు. స్పృహ నిక్షేపంగా ఉంది, మాట దారి తెగింది. గంట క్రితం లేని ఈ తడబాటు ఇప్పుడొస్తే ఆ క్షణమే ఫోన్.

కంటిపాపలు మీ లెక్కలోనే లేవు. 2018లో మీ వంశంలోనే జీసీఎస్-పీ అని వచ్చింది, లైటుకి స్పందించని ప్రతి పాపకీ ఒక మార్కు తీసేస్తుంది. మా ఛార్టుల్లో దాని ఊసు తక్కువ. పాపలు చూడాలంటే గదిలో లైటు తగ్గించాలి, టార్చి పక్క నుంచి తేవాలి, వెడల్పు మిల్లీమీటర్లలో రాయాలి. 'నార్మల్' అనేది కొలత కింద చెల్లదు. ఒకటి 2, ఇంకోటి 5 అయితే పరుగే. పరుగు తియ్యమని ఫోన్ చేస్తూనే ఈలోగా మూడు అడగాలి: ఆ కంటికి శుక్లం ఆపరేషన్ అయిందా, కంటి డాక్టరు పాప పెద్దదయ్యే చుక్కలు వేశారా, ఇప్రాట్రోపియం అనే ఊపిరి మందుని ఆవిరిగా (నెబ్యులైజేషన్) పెట్టినప్పుడు మాస్కు వదులై ఆవిరి ఆ కంటిలోకి కొట్టిందా? మూడోది చాలామందికి తట్టదు. తలలో ఒత్తిడి వల్ల బీపీ పెరుగుతూ, పల్స్ పడిపోతూ, శ్వాస గతి తప్పేదాకా ఆగేవాళ్ళకి ఒక మాట: అది ఆఖరి గంట, మొదటి గంట ఎప్పుడో మోగింది.

మీకో జోడీ ఉన్నాడు, పల్స్ ఆక్సీమీటర్ మీది 98. మీరిద్దరూ కలిసి చేసే ఘోరం నరాలు, కండరాలు బలహీనపడే గులియన్ బారే, మయస్తీనియా జబ్బుల వార్డుల్లో చూడాలి. మనిషి మెలకువగా ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, 15/15, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) 98. ఊపిరి పీల్చే కండరాలు మాత్రం గంటగంటకీ అలసిపోతున్నాయి. సాచురేషన్ పడేది అన్నిటికంటే చివర. అంతకు ముందు చూడాల్సినవి ఇవి: గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అంటూ ఎంతదాకా లెక్కపెట్టగలడు? నిన్న 35 దాకా వెళ్ళినవాడు ఇవాళ 18 దగ్గర ఆగితే డాక్టరుకి చెప్పాలి. దిండు మీంచి తల ఎత్తగలడా? దగ్గు చప్పుడు మెత్తబడిందా? ఉమ్మి మింగలేక నోటి చివర కారుతోందా? ఊపిరి కొలిచే స్పైరోమీటర్ ఉంటే, నిండా పీల్చి వదిలే గాలి శరీర బరువులో కిలోకి 20 మిల్లీలీటర్ల కంటే కింద పడితే గొట్టం వెయ్యడానికి సిద్ధపడాల్సిందే. ఈ ఒక్క గడీ మీ పక్కన ముద్రించి ఉంటే ఎంత బావుండు!

మెదడు పొరల కింద రక్తనాళం చిట్లినవాళ్ళు నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా పదిహేనులో ఉన్నట్టే ఉండి జారిపోతారు, రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల. వాళ్ళకి నిమోడిపిన్ అనే మందు 60 మిల్లీగ్రాములు నాలుగు గంటలకోసారి, 21 రోజులు. రాత్రి రెండింటి డోసు "పేషెంట్ నిద్రలో ఉన్నాడు" అని మానేసి, అదే గంట గడిలో మిమ్మల్ని రాస్తారు. నిద్రపోతున్నవాడికి పదిహేను ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. "ఇప్పుడే కళ్ళు మూసుకున్నాడమ్మా, లేపకండి" అనే భార్యకి రెండు వాక్యాల్లో ఓపికగా చెప్పి, లేపి, పేరు అడిగి చెప్పించుకోవడం కూడా నైపుణ్యమే; ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ మార్కులు వెయ్యరు.

తలలోంచి నీరు తీసే గొట్టం (డ్రెయిన్) ఉన్న బెడ్డు సంగతి కూడా. దాని సున్నా చెవి రంధ్రం ఎత్తుకి ఉండాలి. మధ్యాహ్నం జావ పట్టించడానికి అటెండరు రిమోట్ నొక్కి తల వైపు లేపుతాడు. తల పైకి, డ్రిప్ గది కిందికి, నీరు బొటబొటా పోతుంది. ముందు గొట్టానికి క్లాంపు బిగించి మూయాలి, తర్వాత బెడ్డు, మళ్ళీ సున్నా సరిచూసి, క్లాంపు తియ్యాలి. ఆఖరిది మరిచిపోతే రెండు గంటల్లో మనిషి మగతలోకి పోతాడు, మీరు మాత్రం ఆ రెండు గంటలకీ ముందే సంతకం పెట్టేసి ఉంటారు.

మీమీద తప్పంతా వెయ్యడం న్యాయం కాదులెండి. స్ట్రోక్‌కి గడ్డ కరిగించే మందు ఇచ్చిన పేషెంటుని మొదటి రెండు గంటలు 15 నిమిషాలకోసారి, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, ఆ తర్వాత 24 గంటలు నిండేదాకా గంటకోసారి చూడాలి. ఒక్క బెడ్డుకే రోజుకి 36 సార్లు. అలాంటి బెడ్లు రెండు, పక్కన వెంటిలేటర్ ఒకటి, వీటన్నిటికీ ఒకే సిస్టరుని ఇచ్చి, ఆడిటు రోజున "ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు" అని సర్క్యులర్ పంపితే గడులు నిండవా? నిండుతాయి. మీతోనే నిండుతాయి. కంప్యూటర్ ఛార్టు వచ్చాక 'పాత ఎంట్రీ కాపీ' అనే మీట కూడా ఇచ్చారు, ఇంక మీకు చేతిరాత శ్రమ కూడా లేదు. న్యూరోలో ఏడాది డిప్లొమా చేసి వచ్చిన పిల్లని నెల తిరక్కుండా ఆర్థో వార్డుకి మార్చి, అక్కణ్ణుంచి ఒకర్ని ఇటు పంపే రోస్టరు మహిమ వేరే లేఖలో విన్నవించుకుంటాం.

ప్రస్తుతానికి మా షరతులు. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఇద్దరూ మంచం దగ్గర నిలబడి, ఒకే పేషెంటుని కలిసి చూసి, ఒకే అంకెలకి ఒప్పుకోవాలి. లేకపోతే రాత్రి ఎం5, పొద్దున ఎం4 అయ్యాడా లేక చూసే చెయ్యి మారిందా అన్నది ఎవరికీ తేలదు. మిమ్మల్ని ఒంటరిగా రాయం, ఈ, వీ, ఎం విడివిడిగా రాశాకే మీరు. ఒక్క పాయింటు తగ్గి అరగంట నిలబడితే డాక్టరుకి కబురు, కదలికలో తగ్గితే అరగంట కూడా ఆగం. చూడలేకపోయిన గంటలో 'చూడలేదు, సీటీలో ఉన్నాడు' అని రాస్తాం. ఆడిటువాళ్ళకి కోపం వస్తే రానివ్వండి.

ఇట్లు,
న్యూరో ఐసీయూ నైట్ డ్యూటీ సిస్టర్లు, బ్రదర్లు

తా.క.: ఈ లేఖ ముగించే సమయానికి ఉదయం ఆరున్నర. ఆరో బెడ్డు ఛార్టులో ఎనిమిదింటి గడిలో మీరు అప్పుడే వచ్చి కూర్చున్నారు. లేచి, మళ్ళీ ఎనిమిదింటికి రండి.