ఆ పిల్ల చేత ఇంకెన్నిసార్లు చెప్పిస్తారు?

పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక దాడి కేసు, వార్త రాగానే ఉరి తీయాలి, ఎన్‌కౌంటర్ చేయాలి అని పోస్టులు పెడతాం. రెండ్రోజులకి మర్చిపోతాం. మూడో రోజు నుంచి ఆ పిల్ల ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతుందో మనకి పట్టదు.

పోలీసులకి చెప్పాలి. డాక్టరమ్మకి చెప్పాలి. మేజిస్ట్రేట్‌కి చెప్పాలి. బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి. కౌన్సెలర్ మారితే కొత్తామెకి మళ్ళీ మొదట్నుంచి. ఆ తర్వాత కోర్టు. అందరూ మెత్తగానే అడుగుతారు, "భయపడకు తల్లీ, ఏం జరిగిందో చెప్పు" అని. ఎంత మెత్తగా అడిగినా చెప్పాల్సింది ఆ పిల్లే కదా.

చట్టం లేక కాదండీ. 2012 పోక్సో చట్టం ఈ విషయంలో నిజంగా శ్రద్ధగా రాశారు. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లో కమిటీకి, ప్రత్యేక కోర్టుకి తెలియజేయాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు కంటపడకూడదు. 2020 రూల్స్‌లో తిండికి, బట్టలకి, రానుపోను ఖర్చులకి వెంటనే డబ్బిచ్చే ఏర్పాటు కూడా ఉంది. విడివిడిగా అన్నీ బాగున్నాయి. వీటన్నిటినీ కలిపి చూసుకునే మనిషేరీ?

కాగితం మీదైతే ఉన్నారు. సపోర్ట్ పర్సన్ అంటారు. దర్యాప్తులోనూ విచారణలోనూ ఆ కుటుంబం వెంట ఉండాల్సిన మనిషి. ఈ సాయం కావాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేయొద్దని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటారా? కాళ్ళూ చేతులూ ఆడని తల్లిని పట్టుకుని "మీకు సపోర్ట్ పర్సన్ కావాలా?" అంటే ఆవిడేం చెప్తుంది? "ఏమీ వద్దు సార్, ఇంటికి పంపండి చాలు" అంటుంది. ఫైల్లో మాత్రం 'నిరాకరించారు' అని పడుతుంది.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో దగ్గర్నుంచి చూశాను. ఒక తల్లి చేతిలో క్యారీబ్యాగు. అందులో ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రి చీటీ, ఆధార్ జిరాక్సులు, ఎవరిదో ఫోన్ నంబర్ రాసిన కాగితం ముక్క. శాఖల మధ్య సమన్వయం అంటే ఆ క్యారీబ్యాగే. ఒకసారి కౌన్సెలింగు, కోర్టు వాయిదా ఒకే రోజు పడ్డాయి. కౌన్సెలర్ 'పాప రాలేదు' అని రాసుకుంది. కోర్టులో కేసు పిలవకుండానే ఇంకో తేదీ ఇచ్చారు. బళ్ళో ఆబ్సెంట్ పడింది, మర్నాడు క్లాసందరి ముందూ "నిన్నెందుకు రాలేదు?" అని అడిగారు. పరిహారం ఉత్తర్వు వచ్చినా పాప పేరున ఖాతా లేదని ఆగిపోయింది. ఆ సంగతి తల్లికి చెప్పిన నాథుడు లేడు. ఎవరి రిజిస్టర్లో చూసినా వాళ్ళ పని పూర్తయినట్టే ఉంది.

ఐస్‌లాండ్‌లో 1998లోనే పిల్లల కోసం ఒక ఇల్లు పెట్టారు. శిక్షణ పొందిన ఒక్కరే పాపతో మాట్లాడతారు, మిగతావాళ్ళు పక్క గదిలో తెర మీద చూస్తారు. వైద్యం, కౌన్సెలింగు కూడా అక్కడే. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం కూడా అన్నీ ఒకే చోట ఉండాలన్న ఆలోచనే. మంచిదే. కానీ బిల్డింగు కట్టి రిబ్బన్ కత్తిరించడం మనకి బాగా వచ్చు, అందులో మనిషిని నిలబెట్టడమే చేతకాదు.

ఇంకో మాట. సమన్వయం అంటే అన్ని శాఖలవాళ్ళనీ వాట్సాప్ గ్రూపులో వేసి పాప వివరాలు అందులో పడేయడం కాదు మహాప్రభో! బడికి తెలియాల్సింది సెలవు తేదీ వరకే, కారణం అక్కర్లేదు. ఎవరికి ఎంత చెప్పాలో తెలిసిన మనిషి కావాలనే కదా ఈ గోలంతా.

నిందితుడు ఇంట్లోవాడో తెలిసినవాడో అయ్యే కేసులే ఎక్కువ. సంపాదించేవాడే జైలుకెళ్తే అద్దె ఎవరు కడతారు? బంధువులు రాజీకి ఒత్తిడి పెడితే ఆ తల్లి రాత్రిపూట ఎవరికి ఫోన్ చేస్తుంది? పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయొచ్చు, నిజమే. కానీ ఆ కేసు ముందూ వెనకా తెలిసిన గొంతు కావాలి.

సపోర్ట్ పర్సన్‌కి నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని రూల్స్‌లోనే ఉంది. అది నెలనెలా ఇవ్వండి. ఒక్కరి నెత్తిన మోయలేనన్ని కేసులు పెట్టకండి. తీర్పు వచ్చిన మర్నాడే ఫైలు మూసి అటకెక్కించకండి, ఆ పిల్ల అప్పటికింకా అదే వీధిలో ఉంటుంది.