సముద్రం సరిచూసిన మా బాబాయ్

అండమాన్ సముద్రం తప్పుగా ఉందని మా బాబాయ్ రుజువు చేసి వారం దాటింది. కేంద్ర ప్రభుత్వం ఇంతవరకూ ఉలకలేదు, పలకలేదు.

సాక్ష్యం మామూలుది కాదు, పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు. దాని వెనక కొబ్బరిచెట్లు, నీళ్లు, దూరంగా ఓ లైట్‌హౌస్ ఉంటాయి కదా. అది నార్త్ బే తీరమని ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ బాబాయ్ ఆ నోటును ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాడు. పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ జెట్టీలో పడవెక్కగానే బయటికి తీశాడు. ఓ కన్ను మూసి, చెయ్యి చాచి, లైట్‌హౌస్‌కి గురిపెట్టాడు. పడవ ఊగింది, నోటు ఊగింది, బాబాయ్ పట్టుదల మాత్రం ఊగలేదు. "కలవట్లేదురా. ముందు కొబ్బరిచెట్లుండాలి. ఏవీ?" ఆ బొమ్మ పడవలోంచి కాదు, గట్టు మీద ఇంకోచోటు నుంచి చూస్తే కనిపించేదని పడవబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకమున్న కాగితాన్ని నమ్మాలా, ముక్కూ మొహం తెలియని పడవబ్బాయిని నమ్మాలా? మీరే చెప్పండి.

నిజానికి ఆ రోజు పొద్దున్నే సెల్యులార్ జైలు చూశాం. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారట. నడిమి గోపురం నుంచి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్కలోని గదులకు ఎదురుగా పక్క రెక్క వీపే కనిపిస్తుంది, ఖైదీకి ఖైదీ మొహం కనబడకూడదని. బాబాయ్ ఓ గదిలోకి వెళ్లి, "తలుపు వెయ్యరా, ఫొటో తియ్యి" అన్నాడు. వేశాను. ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి గడియ కోసం తడిమాడు. అది తలుపుకి దూరంగా, గోడలో గూడు తొలిచి పెట్టారు. భుజం దాకా దూర్చినా వేళ్లు అందలేదు. ఓ నిమిషం ఏమీ మాట్లాడలేదు. మా వంశ చరిత్రలో ఇది రికార్డు. "తియ్యరా" అన్నాడు తర్వాత, మెల్లగా. ఫొటో గురించి మళ్లీ అడగలేదు.

ఆ నిమిషపు బాకీ రాస్ దీవిలో వడ్డీతో తీర్చేశాడు. ఒకప్పుడు తెల్లదొరలు దర్జాగా ఏలిన చోటు. ఇప్పుడు చుక్కల దుప్పులు తిరుగుతున్నాయి, మొండిగోడల్ని చెట్ల వేళ్లు కొండచిలువల్లా చుట్టేశాయి. చరిత్ర గురించి ఏమైనా అంటాడేమోనని చూశాను. ఫోన్ తీసి పిన్నికి వీడియో కాల్ చేశాడు. "ఇదిగో చూడు, ఈ వేరు. మన పిట్టగోడ మీద రావిమొక్క పీకించమంటే విన్నావా?" సామ్రాజ్యాల పతనం మీద ఇంత పనికొచ్చే వ్యాఖ్య నేనింకెక్కడా వినలేదు.

లెక్కల దగ్గరా ఆయన్ది వేరే పద్ధతి. రాస్ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. చూసిన ప్రదేశాలు రెండే, డైరీలో నాలుగెక్కాయి. పేర్లు మార్చడం వల్ల పర్యాటకం పెరుగుతుందంటే నేనింతకాలం నమ్మలేదు.

చివరికి మిగిలింది చిడియా టాపులో సూర్యాస్తమయం. డిసెంబరు కదా, త్వరగా బయల్దేరదామన్నాను. "సూర్యుడు ఆరింటిదాకా ఎక్కడికీ పోడు" అని టీ చెప్పాడు. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే సూర్యుడు నలభై నిమిషాలు ముందే డ్యూటీ ఎక్కి, ముందే దిగిపోతాడు. మేం చేరేసరికి ఐదున్నర, అంతా చీకటి. బాబాయ్ ఓసారి వాచీ చూసి, ఓసారి ఆకాశం చూసి, తప్పెవరిదో తేల్చేశాడు. "ఐదింటికే సంచి సర్దుకునేవాళ్లని మా ఆఫీసులోనూ చూశాన్లే."

తిరిగొస్తూ దారిలో కొబ్బరిబోండాలు తాగి వంద ఇచ్చాడు. చిల్లరలో ఓ కొత్త ఇరవై వచ్చింది, పసుపూ ఆకుపచ్చా కలిసినది. వీధి దీపం కిందికెళ్లి వెనక్కి తిప్పి చూశాడు.

"ఈ గుడేంట్రా?"

"ఎల్లోరా, బాబాయ్."

ప్లాస్టిక్ కవర్ తీసి, ఎర్ర నోటు పక్కనే దాన్నీ జాగ్రత్తగా పెట్టాడు.

"నీకింకా ఎన్ని రోజులు సెలవుందిరా?"