కోచ్ వెళ్లాక మిగిలిన మూడు మ్యాచ్‌లు

అమెరికా కళాశాలల అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2025 నవంబర్ 28న మిసిసిపీ స్టేట్‌ను 38-19తో ఓడించి ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) జట్టు 11 విజయాలు, ఒక ఓటమితో లీగ్ దశ ముగించింది. మిసిసిపీ విశ్వవిద్యాలయ చరిత్రలో లీగ్ దశలోనే 11 గెలవడం అదే మొదటిసారి. 12 జట్ల జాతీయ ప్లేఆఫ్‌లో తొలిసారిగా చోటు దక్కుతున్న వేళ, రెండు రోజులు తిరగకుండా హెడ్ కోచ్ లేన్ కిఫిన్ ప్రత్యర్థి ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) వెళ్లిపోయారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవారి గురించి విన్నాం. ఇక్కడ నది మధ్యలోనే సరంగు దిగిపోయారు.

ఆరు సీజన్లలో ఆయన చేసిన పనిని తక్కువ చేయలేం. బంతి విసురుతూ దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ ట్రినిడాడ్ చాంబ్లిస్‌నే చూడండి. ఫెర్రిస్ స్టేట్ అనే రెండో శ్రేణి కళాశాల నుంచి బ్యాకప్‌గా వచ్చాడు. మొదటి క్వార్టర్‌బ్యాక్ ఆస్టిన్ సిమన్స్ గాయపడటంతో బంతి అందుకున్నాడు, ఆ తర్వాత ఆ స్థానం అతనిదే అయింది. సెప్టెంబర్‌లో ఎల్‌ఎస్‌యూను 24-19తో ఓడించిన మ్యాచ్‌లోనూ అతనే సారథి. ఏకైక ఓటమి అక్టోబర్‌లో జార్జియా విశ్వవిద్యాలయం చేతిలో. మూడు క్వార్టర్లు ముగిసేసరికి 35-26తో ముందుండి, చివరికి 43-35తో చేజార్చుకున్నారు.

అక్టోబర్ చివర్లో తన కోచ్ బ్రయన్ కెల్లీని ఎల్‌ఎస్‌యూ తొలగించింది. అంతకు వారం ముందే ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తన కోచ్‌ను పంపించేసింది. అప్పటి నుంచి నెల రోజులకు పైగా ఓల్ మిస్ ఉన్న ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో ఆట కంటే కిఫిన్ ఉంటారా, పోతారా అన్నదే పెద్ద చర్చ. ఏడేళ్లపాటు ఏటా దాదాపు 1.3 కోట్ల డాలర్లిచ్చే ఎల్‌ఎస్‌యూ ఒప్పందాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే. కానీ నాకు అసలు తప్పు క్యాలెండర్‌లో కనిపిస్తోంది. హైస్కూలు ఆటగాళ్లు కళాశాల జట్లలో చేరేందుకు సంతకాలు చేసే రోజు డిసెంబర్ మొదటి వారంలోనే వస్తుంది. అప్పటికి కోచ్ లేని కళాశాల ఏడాదంతా వెనకబడుతుంది. అందుకే ప్లేఆఫ్ మొదలవకముందే బేరాలు పూర్తవుతాయి. ఆ సంతకాలను జనవరి తర్వాతికి జరిపితే ఈ తొందర చాలావరకు తగ్గుతుంది. ప్లేఆఫ్‌లో ఉన్న జట్టు కోచ్‌తో ఎప్పుడు మాట్లాడవచ్చో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నియమాలున్నాయి. కళాశాలలకూ అవి కావాలి.

ప్లేఆఫ్ ముగిసేదాకా తానే కోచ్‌గా ఉంటానని కిఫిన్ అడిగారు. అథ్లెటిక్ డైరెక్టర్ కీత్ కార్టర్ ఒప్పుకోలేదు. ఆటగాళ్లే తనను ఉంచమని కోరారని కిఫిన్ ప్రకటిస్తే, కొందరు ఆటగాళ్లు బహిరంగంగానే కాదన్నారు. కార్టర్ చేసింది ముమ్మాటికీ సరైన పని. ఉదయం ఈ జట్టుకు వ్యూహం చెబుతూ, సాయంత్రం ఇదే కుర్రాళ్లను ఓడించాల్సిన జట్టుకు మనుషులను వెతికే వ్యక్తికి డ్రెస్సింగ్ రూమ్ తాళం ఎలా ఇస్తారు? ప్లేఆఫ్‌కు చేరిన మరో జట్టు టులేన్ కోచ్ జాన్ సమ్రాల్ కూడా ఫ్లోరిడాకు ఒప్పుకున్నారు, అయినా ప్లేఆఫ్ దాకా పాత జట్టుతోనే ఉన్నారు. ఆయనను గౌరవిస్తాను. అయితే టులేన్, ఫ్లోరిడా వేర్వేరు కాన్ఫరెన్సులవి, అంటే తమలో తాము పోటీపడే వేర్వేరు జట్ల బృందాలవి. ఓల్ మిస్, ఎల్‌ఎస్‌యూ ఒకే కాన్ఫరెన్సులో తలపడేవి.

ఓల్ మిస్‌లో డిఫెన్స్ చూసే పీట్ గోల్డింగ్‌కు కిఫిన్ వెళ్లిన రోజే పూర్తి బాధ్యత అప్పగించారు. కిఫిన్ వెంట ఎల్‌ఎస్‌యూకు మారిన అఫెన్స్ కోఆర్డినేటర్ చార్లీ వైస్ జూనియర్ ప్లేఆఫ్ కోసం వెనక్కి వచ్చి ఎత్తుగడలు అందించారు. సొంత మైదానంలో టులేన్‌పై 41-10. తర్వాత న్యూఆర్లియన్స్‌లో, ఎల్‌ఎస్‌యూ సొంత రాష్ట్రంలోనే, జార్జియాపై 39-34. అక్టోబర్‌లో నాలుగో క్వార్టర్‌లో కుప్పకూలిన వాళ్లే ఈసారి ఆరు సెకన్లు మిగిలుండగా లూకాస్ కార్నెరో ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) ముందుకెళ్లారు.

జనవరి 8న సెమీఫైనల్లో మయామీపై మూడు నిమిషాలు మిగిలుండగా 27-24 ఆధిక్యం వారిదే. 18 సెకన్లుండగా మయామీ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ బంతితో ఎండ్ జోన్‌లోకి (మైదానం చివర పాయింట్లు వచ్చే భాగం) దూసుకెళ్లడంతో స్కోరు 31-27 అయింది. ఆఖరి క్షణంలో చాంబ్లిస్ ఎండ్ జోన్‌లోకి విసిరిన బంతి ఎవరి చేతికీ చిక్కకుండా నేలపై పడింది.